కేంద్రము లేని వల ఎంత వరకు పెరుగును?

వంద మందికి విందు పెట్టదలచిన గృహస్థునికి వడ్డించువాడు ఒక్కడే ఉన్నచో, పంక్తి పొడవైన కొలదీ చివర కూర్చున్నవాని నిరీక్షణ పెరుగును. వేయి మంది వచ్చినచో ఆ ఒక్కడు తెల్లవార్లు వడ్డించినను పని తెమలదు. అయితే భోజనము ముగిసిన ప్రతివాడును లేచి తాను మరి ఇద్దరికి వడ్డించవలెనని నియమము పెట్టినచో? అప్పుడు వచ్చిన ప్రతి అతిథియు ఒక ఆకలిని మాత్రమే గాక రెండు చేతులను కూడ వెంట తెచ్చును. తినువారు పెరిగిన కొలదీ వడ్డించువారును పెరుగుదురు.

కంప్యూటర్ల ప్రపంచములో ఈ ఊహను ఆచరణలో పెట్టిన విధానమునకు పీర్ టు పీర్ ఫైలు పంపిణీ అని పేరు. ఈ పీరునకు మన పీర్ల పండుగతో సంబంధము లేదు. ఇంగ్లీషులో పీర్ అనగా సమానుడు, తోటివాడు. తోటివారు తోటివారికి నేరుగా ఫైళ్లను అందించుకొనుటయే ఇందలి విశేషము. 1999 తరువాత కొద్ది సంవత్సరములలోనే కోట్లకొలది జనము ఇట్టి వలలలో చేరినారు. కేంద్రము లేని వలకు హద్దు లేదని, జనము పెరిగిన కొలదీ అది బలపడునని ఆ దినములలో పలువురు నమ్మినారు. ఆ నమ్మకములో సగము నిజము కలదు. రెండవ సగమును అంకగణితము త్రోసివేసినది. ఏ సగము నిలిచినది, ఏ సగము నిలువలేదు అన్నదే ఈ చరిత్రలోని సారము.

ఇంటర్నెట్టులో సాధారణముగా ఫైలు ఒక పెద్ద కంప్యూటరులో ఉండును. దానిని సర్వరు అందురు. ఆ సర్వరు సెకనుకు ఇన్ని బిట్లు మాత్రమే పంపగలదను పరిమితి కలదు. పది మంది ఒకేసారి అడిగినచో ఒక్కొక్కనికి అందులో పదవ వంతు దక్కును. లక్ష మంది అడిగినచో ఎవరికిని ఏమియు దక్కదు. ఫైలుకు ఎంత ప్రఖ్యాతి వచ్చునో దాని యజమానికి అంత ఖర్చు. ఇంటర్నెట్టు మొదట ఇట్లు లేదు. 1969లో అమెరికాలో ఆర్పానెట్ అను పేర నాలుగు సంస్థల కంప్యూటర్లను కలిపినప్పుడు ఆ నాలుగును సమానములే. ఏది ఏదానినైనను అడుగవచ్చును, ఏది ఏదానికైనను ఈయవచ్చును. 1990 తరువాత టెలిఫోను తీగ ద్వారా, మోడెము సహాయముతో, కోట్లకొలది ఇండ్లలోని కంప్యూటర్లు ఇందులో చేరినప్పుడు ఆ సమానత్వము పోయినది. ఇంటి కంప్యూటరుకు స్థిరమైన చిరునామా లేదు. అది కాసేపు వచ్చి వెళ్లిపోవును. అందుచే అది అడుగునదే గాని ఇచ్చునది కాదని లెక్క వేసినారు.

ఆ లెక్కను తలక్రిందులు చేసినవాడు షాన్ ఫానింగ్ అను పదునెనిమిదేండ్ల యువకుడు. బోస్టను నగరమందలి నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయములో చదువుచు, ఆ చదువును నడుమ విడిచి, అతడు వ్రాసిన నాప్‌స్టరు అను ప్రోగ్రాము 1999 జూన్ నెలలో బయటికి వచ్చినది. సమయము కూడ కలిసివచ్చినది. కాంపాక్టు డిస్కులో నాలుగు నిమిషముల పాట సుమారు 4 కోట్ల 20 లక్షల బైట్ల స్థలము ఆక్రమించును. ఎం.పి.3 అను సంక్షేపణ పద్ధతిలో అదే పాట 40 లక్షల బైట్లకు లోపల ఇమిడిపోవును. ఇంటి మోడెము మోయగల బరువునకు పాట దిగివచ్చినదన్న మాట.

నాప్‌స్టరు నిర్మాణములో ఒక చిన్న వివేకము కలదు. తరువాతి చరిత్ర అంతయు దాని చుట్టును తిరుగును గనుక దానిని కొంత శ్రద్ధతో గమనింపవలెను. ఫైలు పంపిణీలో పనులు రెండు: వెదకుట, తెచ్చుట. ఫలానా పాట ఎవరి వద్ద ఉన్నదో కనుగొనుట మొదటిది. కనుగొన్న పిదప దానిని తెచ్చుకొనుట రెండవది. నాప్‌స్టరు వెదకు పనిని తన కేంద్ర సర్వర్ల యందు ఉంచుకొని, తెచ్చు పనిని సభ్యులకు విడిచినది. సభ్యుడు ప్రవేశించగానే అతని వద్దనున్న పాటల పేర్ల జాబితా కేంద్రమునకు పోవును; నిష్క్రమించగానే ఆ జాబితా చెరిగిపోవును. పాట మాత్రము ఎన్నడును కేంద్రమునకు రాదు. అది సభ్యుని ఇంటి నుండి సభ్యుని ఇంటికే నేరుగా ప్రయాణము చేయును. పాట 40 లక్షల బైట్లు. దాని పేరు నూరు బైట్లు అనుకొందము. కేంద్రము మోయునది మొత్తము బరువులో నలుబదివేల వంతు మాత్రమే. క్రొత్త సభ్యుడు తెచ్చు చేతులు ఎక్కువ, కేంద్రముపై మోపు భారము స్వల్పము. అందుచేతనే 2001 ఫిబ్రవరి నాటికి, మీడియా మెట్రిక్స్ అను గణన సంస్థ లెక్క ప్రకారము, నాప్‌స్టరును వాడువారు 2 కోట్ల 64 లక్షల మంది అయినారు.

నాప్‌స్టరును పడగొట్టినది బరువు కాదు, న్యాయశాస్త్రము. ఆ పాటలలో చాల భాగము కాపీరైటు గలవి. 1999 డిసెంబరులో అమెరికా గ్రామఫోను కంపెనీల సంఘము దావా వేసినది. 2000 జూలైలో న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్ నిషేధపు ఉత్తరువు ఇచ్చినారు. అప్పీలు న్యాయస్థానము 2001 ఫిబ్రవరిలో ప్రధానాంశములలో ఆమె తీర్పును సమర్థించినది. 2001 జూలైలో వల ఆగిపోయినది. కేంద్రమున్నది గనుక ఆజ్ఞాపించుటకు ఒక చిరునామా దొరికినది. అట్లయిన కేంద్రమే లేకుండ చేసినచో? ఈ ప్రశ్న వేసినవారు దావా ముగియు వరకు ఆగలేదు.

2000 మార్చి 14వ తేదీన నల్‌సాఫ్ట్ సంస్థకు చెందిన జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ అనువారు నుటెల్లా అను ప్రోగ్రామును విడుదల చేసినారు. నల్‌సాఫ్ట్‌ను అంతకు ముందు సంవత్సరమే అమెరికా ఆన్‌లైన్ కంపెనీ కొన్నది. ఆ కంపెనీ అప్పుడు టైమ్ వార్నరు సంస్థతో, అనగా పెద్ద సంగీత వ్యాపారము గల సంస్థతో, విలీనమగుటకు సిద్ధమగుచున్నది. యజమానులు మరునాటికే ప్రోగ్రామును ఉపసంహరించినారు. అప్పటికే వేలకొలది ప్రతులు వెళ్లిపోయినవి. బయటివారు దాని సందేశముల తీరును పరిశీలించి, అదే భాష మాట్లాడు ప్రోగ్రాములను తామే వ్రాసికొన్నారు. పుట్టిన మరునాడే తల్లిదండ్రులు విడిచిన బిడ్డ ఊరివారి చేతులలో పెరిగినట్లు నుటెల్లా పెరిగినది.

నుటెల్లాలో తెచ్చు పని నాప్‌స్టరులోని వంటిదే. మారినది వెదకు పని. ఇచట జాబితా లేదు. ప్రతి కంప్యూటరును వలలో ఒక ముడి. దీనికి నోడు అని పేరు. ప్రతి నోడునకు కొందరు ఇరుగుపొరుగువారుందురు. పాట కావలసిన నోడు తన పొరుగువారందరినీ అడుగును. వారు తమ వద్ద ఉన్నచో జవాబు చెప్పి, ఉన్నను లేకున్నను ఆ ప్రశ్నను తమ పొరుగువారందరికిని అందింతురు. వారు తమ వారికి. ఊరిలో తప్పిపోయిన దూడ కొరకు టముకు వేయించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. అయితే టముకు ఒక ఊరి పొలిమేరలో ఆగును. ప్రశ్న అనంతముగా తిరుగకుండుటకు నుటెల్లాలో ప్రతి ప్రశ్నకును ఒక ఆయుస్సంఖ్యను తగిలించినారు. సాధారణముగా అది 7. మజిలీ దాటిన ప్రతిసారియు ఒకటి తగ్గి, సున్న అయినప్పుడు ప్రశ్న చచ్చిపోవును.

ఒక్కొక్క నోడునకు నలుగురు పొరుగువారు అనుకొందము. మొదటి మజిలీలో ప్రశ్న నలుగురికి చేరును. వారిలో ప్రతివాడును, తనకు చెప్పినవానిని మినహాయించి, మరి ముగ్గురికి చెప్పును. కావున రెండవ మజిలీలో 12 మందికి, తరువాత 36, 108, 324, 972, ఏడవ మజిలీలో 2,916 మందికి చేరును. మొత్తము 4,372 మంది. ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిని గుణశ్రేఢిగా గుర్తింతురు. మొదటి పదము 4, సామాన్య నిష్పత్తి 3, పదములు 7. ఒక్కడు అడిగిన ఒక్క ప్రశ్న వేల కంప్యూటర్లను మేల్కొల్పుచున్నది. ఆ వేల మందిలో ప్రతివాడును తన ప్రశ్నలను తాను అడుగుచునే యుండును.

ఇప్పుడు విందులోని అతిథి సంగతి మార్పు చెందినది. అతడు రెండు చేతులు తెచ్చుట నిజమే. కాని అతడు నోరు తెరచి ఏమైన అడిగినప్పుడెల్ల పంక్తిలోని ప్రతివాడును తినుట ఆపి వినవలెను. నోడులు రెట్టింపయినచో ప్రశ్నలు రెట్టింపగును. ప్రతి ప్రశ్నను వినువారును రెట్టింపగుదురు. మొత్తము భారము నాలుగు రెట్లగును. పదింతలైనచో నూరు రెట్లు. చేతులు వరుసగా పెరుగుచుండ భారము వర్గముగా పెరుగుచున్నది.

ఇది కాగితము మీది భయము కాదని 2000 ఆగస్టులోనే తేలినది. నాప్‌స్టరు నిషేధ వార్త విని జనము గుంపులుగా నుటెల్లాకు తరలివచ్చినారు. వల మందగించి, ముక్కలు కాజొచ్చినది. నుటెల్లా రాకపోకలను గమనించుచుండిన క్లిప్2 అను సంస్థ 2000 సెప్టెంబరులో ఒక చిన్న లెక్కతో కారణము చూపినది. ఒక ప్రశ్న పొడవు 560 బిట్లు. సెకనుకు పది ప్రశ్నలు వచ్చినచో 5,600 బిట్లు. ప్రశ్నలు మొత్తము సందేశములలో నాల్గవ వంతే. తక్కినవి జవాబులు, ‘ఉన్నావా’ ‘ఉన్నాను’ అను పలకరింపులు మొదలైనవి. కావున నాలుగుతో గుణింపగా 22,400. ఒక్కొక్క నోడునకు మూడు కలయికలు కనుక మూడుతో గుణింపగా 67,200 బిట్లు. ఆనాటి ఇంటి మోడెము ఎంత వేగముగా పనిచేసినను సెకనుకు 56,000 బిట్లు దాటదు. వలలో సెకనుకు పది ప్రశ్నలు తిరుగుట మొదలుకాగానే మోడెము గల నోడు, తన కొరకు ఒక్క పాటయైన తెచ్చుకొనకముందే, ఇతరుల మాటలు మోయుటతోనే నిండిపోవుచున్నది. అది ఊపిరాడక సందేశములను జారవిడుచును. దాని ఆవల నున్న వేగవంతమైన నోడులకు కూడ దారి తెగిపోవును. గొలుసు బలము దాని అతి బలహీనమైన కొక్కెము బలమే కదా.

2001 ఫిబ్రవరిలో జోర్డన్ రిట్టరు అను ఇంజనీరు నుటెల్లా పెరగజాలదని ఒక వ్యాసము వ్రాసినాడు. ఇతడు నాప్‌స్టరును నిర్మించినవారిలో ఒకడు. ప్రతిపక్షము వాడు గనుక అతని మాటను అనుమానించుట సహజమే. గుణకారమునకు పక్షము లేదు. అతడు తీసికొన్న ఉదాహరణలో 18 అక్షరముల ప్రశ్న సకల హంగులతో 83 బైట్ల సందేశమగును. ఎనమండుగురు పొరుగువారు, ఎనిమిది మజిలీలు అయినచో అది 76,86,400 మందికి చేరును. రెండింటిని గుణించినచో సుమారు 63 కోట్ల 80 లక్షల బైట్లు. పదునెనిమిది అక్షరముల ప్రశ్న ఒక్కదానికి వల మొత్తము మీద ఇంచుమించు ఒక కాంపాక్టు డిస్కు నిండినంత రవాణా!

ఆయుస్సంఖ్యను తగ్గించినచో సరిపోదా యని పాఠకుడు అడుగవచ్చును. తగ్గించినచో ఊపిరి నిలుచును గాని చూపు పోవును. 4,372 మంది వరకే ప్రశ్న చేరునప్పుడు, వలలో పది లక్షల మంది ఉన్నను అడుగువానికి వారిలో తొమ్మిది లక్షల తొంబది వేల మందికి పైగా లేనట్లే. క్రొత్తగా చేరినవాడు ఆ వలయమునకు వెలుపల చేరినచో అతడు చేరనట్లే. అనగా అందరినీ వెదకు వల ఉక్కిరిబిక్కిరియగును. ఉక్కిరిబిక్కిరి కాని వల అందరినీ వెదకదు. సమానులు మాత్రమే గల వలకు, క్రమము లేని వలకు, ఈ రెండింటిలో ఒకటి తప్పదు. ఇది ఏ ఇంజనీరు తప్పును కాదు.

రిట్టరు చెప్పినట్లు నుటెల్లా కుప్పకూలిపోలేదు. షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన మాతేయ్ రిపియాను, ఆయన సహచరులు ఆ వలను పలుమార్లు కొలిచి చూచినారు. 2000 నవంబరులో దాని ప్రధాన భాగములో సుమారు 2,000 నోడులు; 2001 మే నాటికి సుమారు 48,000. తొలి కొలతలలో వలలోని రవాణాలో సగమునకు పైగా ఉత్త పలకరింపులే! 2001 జూన్ నాటికి అవి పదవ వంతు కంటె తక్కువైనవి. ప్రోగ్రాములు వ్రాయువారు పొదుపు నేర్చుకొన్నారు. మోడెములను వల నడిమి నుండి అంచులకు నెట్టినారు. ఈ నెట్టుటలోనే సమానత్వము చెడుట మొదలైనది.

నిజమునకు ఆ వలలో సమానత్వము ఎన్నడును లేదు. 2000లో జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయములోని ఐటాన్ ఆడార్, బెర్నార్డో హుబర్మన్ అనువారు ఒక రోజు నుటెల్లా రాకపోకలను పరిశీలించి చూడగా, సభ్యులలో దాదాపు 70 శాతము ఒక్క ఫైలునైనను ఇతరులకు ఈయలేదు. వచ్చిన జవాబులలో దాదాపు సగము, నూటికి ఒక్కరైన మహాదాతల నుండియే వచ్చినవి. విందులో నూటికి డెబ్బది మంది తిని చేయి కడుగుకొని వెళ్లిపోవుచున్నారన్న మాట. దీనిని నీతి లోపముగా కంటె నియమ లోపముగా చూచుట మేలు. ఇచ్చినవానికి లాభము లేదు, ఈయనివానికి నష్టము లేదు. పైగా ఇచ్చినచో ఉన్న మోడెము కాస్త నిండిపోవును.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో స్టెఫాన్ సరోయు, కృష్ణ గుమ్మడి, స్టీవెన్ గ్రిబుల్ అనువారు 2002లో ప్రకటించిన పరిశోధన ఈ అసమానతను ఇంకను లోతుగా చూపినది. సగము మంది సభ్యులు ఒక్కసారికి సుమారు గంట కంటె ఎక్కువ సేపు ఉండుట లేదు. తమ తీగ వేగమును తగ్గించి చెప్పుకొన్నవారును ఉన్నారు. వేగముగా ఉన్నదని తెలిసినచో నలుగురును తమ మీద పడుదురని వారి జాగ్రత్త. ఇంకొక ఫలితము మరింత విచారింపదగినది. నుటెల్లా చిత్రపటము నుండి ఎవరో ఒకరిని చొప్పున నూటికి ముప్పది మందిని తీసివేసినను తక్కినవారిలో చాల మంది కలిసియే ఉందురు. ఎక్కువ కలయికలు గలవారిని ఏరి నూటికి నలుగురిని తీసివేసినచో వల తునాతునకలగును. కేంద్రము లేని వలలో కేంద్రములు వాటంతటవే మొలిచినవి.

మొలిచినవానిని దాచుట ఎందుకు, వానినే వాడుకొందమని 2001లో స్వీడను దేశస్థుడు నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్కు దేశస్థుడు యానుస్ ఫ్రీస్ తలపెట్టినారు. ఎస్తోనియా దేశపు ప్రోగ్రామర్లు వారికొరకు ఫాస్ట్‌ట్రాక్ అను పద్ధతిని నిర్మించినారు. కజా అను ప్రోగ్రాము దాని మీద నడిచినది. ఇందులో వేగమైన తీగయు, మంచి యంత్రమును గల సభ్యులను ప్రోగ్రాము తానే ఎంచి సూపర్ నోడులుగా నియమించును. సామాన్య నోడులు తమ జాబితాలను తమ సూపర్ నోడునకు అప్పగించును. టముకు ఇక ఇంటింటికి కాదు, పెద్దల మధ్యనే తిరుగును. ఒక్కొక్క పెద్ద నూరు ఇండ్లకు బాధ్యత వహించినచో ప్రశ్నను మోయువారి సంఖ్య నూరవ వంతునకు దిగును. కొద్ది ఏండ్లలోనే ఏ దినమున చూచినను కజాలో 30 లక్షలకు పైగా సభ్యులుండిరి. నుటెల్లా ప్రోగ్రాములు కూడ అదే మార్గము పట్టినవి.

ఈ పద్ధతి భారమును తీర్చలేదు, వాయిదా వేసినది. దాని హద్దు ఎచట నున్నదో అదే జంట, అదే ప్రోగ్రామర్లతో కలిసి 2003లో ప్రారంభించిన స్కైప్ అను టెలిఫోను వలలో వెల్లడియైనది. 2007 ఆగస్టు 16న, విండోస్ నవీకరణ తరువాత అసంఖ్యాక కంప్యూటర్లు కొద్ది వ్యవధిలో ఆగి తిరిగి మొదలైనవి. అవి అన్నియు ఒక్కసారి లోనికి రాబూనగా, సూపర్ నోడులే లోపించిన ఆ వల రెండు దినములు మూర్ఛపోయినది. 2010 డిసెంబరు 22న జరిగినది ఇంకను పాఠ్యపుస్తకమున కెక్కదగినది. ఒక తరహా ప్రోగ్రాములోని దోషము వలన సూపర్ నోడులలో నాల్గవ వంతునకు పైగా పడిపోయినవి. వాని భారము మిగిలిన వాని మీద పడినది. అదే సమయమున పడిన కంప్యూటర్లు తిరిగి లేచి, చేరుటకు దారి ఇమ్మని వానినే అడిగినవి. మామూలుకు దాదాపు నూరు రెట్లు రద్దీ కలిగి, అతిభారము నుండి యంత్రమును కాపాడుటకు పెట్టిన ఏర్పాటు వలన మరికొన్ని సూపర్ నోడులు తమంతట తామే తప్పుకొన్నవి. స్కైప్ ఇంజనీర్లు వేలకొలది సొంత సూపర్ నోడులను నిలిపి వలను తిరిగి లేపినారు. 2012 నాటికి, అప్పటి యజమాని మైక్రోసాఫ్టు, సభ్యుల ఇండ్లలోని సూపర్ నోడులను మాని వానిని తన సొంత భవనములలోని యంత్రములకు మార్చినది. ఆ వల 2025 మేలో మూతపడినది.

వెదకు పనికి మరియొక మందు కలదు. అది గ్రంథాలయములలో ఎప్పటినుండియో ఉన్నది: క్రమము. లక్ష గ్రంథములు కలగాపులగముగా పడియున్నచో ఒకదాని కొరకు అన్నింటిని తిరుగవేయవలెను. అకారాది క్రమములో ఉన్నచో నడిమికి తెరచి, ముందా వెనుకా యని చూచి, సగము సగముగా తగ్గించుకొనుచు పోవచ్చును. 2001లో ఒకే సంవత్సరమున పలు బృందములు విడివిడిగా ఈ ఊహనే వలకు అన్వయించినవి. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో కార్డ్, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో క్యాన్ అను పద్ధతులు అట్టివి. క్యాన్ రూపకర్తలలో మొదటి పేరు సిల్వియా రత్నసామి. ఆమె పుణే విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు పట్టభద్రురాలు.

కార్డ్ పద్ధతిలో నోడులను గడియారపు ముఖము వంటి ఒక పెద్ద చక్రము మీద కూర్చుండబెట్టుదురు. ప్రతి ఫైలు పేరును ఒక గణిత సూత్రముతో సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యకు చక్రము మీద ఏ నోడు దాపున ఉన్నదో దానికే ఆ ఫైలు ఆచూకీని అప్పగింతురు. ఒక్కొక్క నోడు చక్రములో సగము దూరమున ఒకరిని, పావు దూరమున ఒకరిని, ఎనిమిదవ వంతు దూరమున ఒకరిని, ఇట్లు కొద్దిమందిని మాత్రమే ఎరిగియుండును. ప్రశ్న వచ్చినప్పుడు గమ్యమునకు దాటిపోకుండ వీలైనంత దగ్గరగా నున్నవానికి అందించును. ప్రతి మజిలీలో దూరము సగమునకు తగ్గును. పది లక్షల నోడులున్నచో సుమారు 20 మజిలీలు చాలును. ఇరువది లక్షలైనచో 21. వల రెట్టింపైనప్పుడు పని ఒక్క మెట్టు మాత్రమే పెరుగుచున్నది! వర్గముగా పెరిగిన భారము లాగరితముగా దిగివచ్చినది. న్యూయార్క్ విశ్వవిద్యాలయములో పేటర్ మేమౌంకోవ్, డేవిడ్ మాజియేర్ 2002లో ప్రకటించిన కడెమ్లియా అను పద్ధతి ఈ కుటుంబములో ఎక్కువ ప్రచారము పొందినది.

దీనికిని వెల కలదు. ఫైలు పేరు అక్షరము పొల్లుపోకుండ తెలిసినప్పుడే సంఖ్య సరిగా వచ్చును. పేరులో సగము గుర్తున్నవానికి ఈ చక్రము సహాయపడదు. టముకు మాత్రము సగము పేరుతోనైనను పనిచేయును. పైగా గంటకొకసారి సగము మంది లేచిపోవు సభలో, ఎవరు ఎక్కడ కూర్చున్నారను పట్టికను ఎడతెగక సరిదిద్దుచు ఉండవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు వెదకుట. తెచ్చు పనిలోని హద్దులను బ్రామ్ కోహెన్ అను అమెరికా ప్రోగ్రామరు పట్టించుకొన్నాడు. 2001 జూలైలో అతడు విడుదల చేసిన బిట్‌టోరెంట్ వెదకు పనిని అసలు తలకెత్తుకొనలేదు. ఫైలు ఎచట నున్నదో మీరే కనుగొని రండు, తెచ్చుట మాత్రము నా పని యన్నది. ఒక ఫైలుకు సంబంధించినవారిని పరస్పరము పరిచయము చేయుటకు ట్రాకరు అను చిన్న సర్వరును మాత్రము ఉంచినది.

ఇచట విందు ఊహ అక్షరాల నిజమైనది. ఒక సర్వరు ఒక ఫైలును గంటలో పంపగలదనుకొందము. వరుసగా వేయి మందికి పంపుటకు వేయి గంటలు, అనగా నలుబదియొక్క దినములకు పైగా పట్టును. పొందిన ప్రతివాడును అదే వేగముతో ఇంకొకరికి ఇచ్చినచో గంటకు ప్రతులు రెట్టింపగును. పది గంటలలో 1,024. కోహెన్ ఇంకొక మెట్టు పోయి ఫైలును చిన్న ముక్కలుగా కోసినాడు. ముక్క చేతికి రాగానే, తక్కిన ఫైలు కొరకు వేచియుండకయే, దానిని ఇతరులకు ఈయవచ్చును. అన్నింటికంటె అరుదుగా నున్న ముక్కను ముందు తెచ్చుకొనవలెనని ఒక నియమము; ఏ ముక్కయు వల నుండి మాయము కాకుండ ఇది కాపాడును. తనకు ఇచ్చినవానికే తాను ఎక్కువగా ఇచ్చుట రెండవ నియమము. నూటికి డెబ్బది మంది తిని లేచిపోయిన కథకు ఇది సమాధానము. వడ్డింపనివానికి ఇచట ఆకు నిండుట ఆలస్యమగును.

రెడ్‌హ్యాట్ లినక్స్ తొమ్మిదవ కూర్పు 2003లో ఈ పద్ధతిలో పంచబడినది. 177 కోట్ల బైట్ల ఆ ఫైలు కొరకు మొదటి ఐదు దినములలో 50,000 మందికి పైగా, ఐదు నెలలలో 1,80,000 మంది వచ్చినట్లు పరిశోధకులు లెక్కించినారు. ఇది ఉచితముగా పంచుటకు అనుమతి గల సాఫ్ట్‌వేరు. పాటల కథలలోని కాపీరైటు చిక్కు దీనికి లేదు.

అయితే దీనికిని ఒక హద్దు కలదు, దానిని ఏ చాతుర్యమును దాటజాలదు. వలలో ఒకడు తీసికొన్న ప్రతి బిట్టును మరియొకడు ఇచ్చినదే. కావున అందరు తీసికొన్నదాని మొత్తము అందరు ఇచ్చినదాని మొత్తమునకు సమానము. టెలిఫోను కంపెనీలు ఇండ్లకు వేసిన బ్రాడ్‌బాండు తీగలు లోనికి వెడల్పు, బయటికి ఇరుకు. లోనికి సెకనుకు 1,500 కిలోబిట్లు, బయటికి 128 కిలోబిట్లు గల ఇండ్లు మాత్రమే ఒక వలలో చేరినచో, లోనికి దారి ఎంత వెడల్పైనను సగటున ఒక్కొక్కరికి దక్కునది 128 కిలోబిట్లే. రెండవ హద్దు మనుష్యులది. క్రొత్త ఫైలు చుట్టును జనము మూగుదురు, పాతబడగానే చెదిరిపోవుదురు. పూర్తి ప్రతి గల చివరివాడు తన యంత్రమును ఆపిన క్షణమున ఆ ఫైలు, పేరు మాత్రము మిగిలి, చచ్చిపోవును. కొందరే కోరు అరుదైన ఫైలుకు తోటివారి వల కంటె ఒక మూల వెలుగుచుండు చిన్న సర్వరే నయము.

సర్వరు యజమాని ఖర్చు తగ్గినది నిజమే. ఆ ఖర్చు మాయము కాలేదు. తీగలు వేసిన కంపెనీల మీదికి జరిగినది. నెలకింత అని రుసుము తీసికొను ఆ కంపెనీలు, ఇంటివాడు రేయింబవళ్లు బయటికి పంపునని ఎన్నడును లెక్కవేసికొనలేదు. అమెరికాలో కామ్‌కాస్ట్ కంపెనీ బిట్‌టోరెంట్ సంభాషణలను నడుమ తెంచుచున్నట్లు 2007 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ పరీక్షలలో బయటపడినది. అక్కడి ప్రభుత్వ ప్రసార సంఘము 2008 ఆగస్టులో దానిని తప్పుపట్టగా, సంఘమునకు ఆ అధికారము లేదని 2010 ఏప్రిల్‌లో న్యాయస్థానము తేల్చినది. ఇతర రాకపోకలకు దారి ఇచ్చి, ఖాళీ ఉన్నప్పుడే సాగు రవాణా పద్ధతులను ఈలోగా ఇంజనీర్లు రూపొందించినారు. తగవుకంటె అవియే ఎక్కువ మేలు చేసినవి.

2005లో బిట్‌టోరెంట్ ప్రోగ్రాములు ట్రాకరు లేకుండ కూడ పనిచేయుట కొరకు కడెమ్లియా చక్రమును తమలో చేర్చుకొన్నవి. వెదకుటకు క్రమము, తెచ్చుటకు పరస్పరము: ఇరువైపుల ఫలితములును అట్లు కలిసినవి. హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించిన కొలతలలో ఈ వలయందు 1 కోటి 50 లక్షల నుండి 2 కోట్ల 70 లక్షల వరకు సభ్యులు కనిపించినారు. 4,372 మంది వద్ద చూపు ఆగిన వలకు పదమూడేండ్ల తరువాతి సంగతి ఇది.

ఇతరులు వేరు లెక్కలు వేసికొన్నారు. 2008లో ప్రారంభమైన స్పాటిఫై అను సంగీత సంస్థ మొదట పాటలను కొంతవరకు తన చందాదారుల కంప్యూటర్ల నుండియే ఒకరికొకరికి అందించెడిది. సర్వర్లు తగినన్ని సమకూరిన తరువాత 2014లో ఆ పద్ధతిని విడిచినది. ఆ మరుసటి ఏడే విడుదలైన విండోస్ 10లో మైక్రోసాఫ్టు దానికి ఎదురుదారి పట్టినది: ఒకే కార్యాలయములోని కంప్యూటర్లలో ఒకటి తెచ్చుకొన్న నవీకరణ ముక్కలను ప్రక్క కంప్యూటర్లు దాని నుండియే తీసికొను ఏర్పాటు అందులో కలదు. స్కైప్‌లో సభ్యుల ఇండ్ల నుండి సూపర్ నోడులను తొలగించిన సంస్థయు ఇదియే.